రక్తంలో కొలిచిన శక్తి మెదడుదేనా?

వయసు పైబడేకొద్దీ కణాల శక్తి ఉత్పత్తి మందగిస్తుందన్నది నిజమే. చిక్కల్లా దాన్ని రక్తంలో కొలిచి, ఆ లెక్కను మెదడుకు అంటగట్టి ‘మెదడు వయసు’ ఇదీ అని చెప్పడంలో ఉంది.

శరీర బరువులో మెదడు 2 శాతమే. కానీ విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేస్తుంది. న్యూరాన్లలో, అంటే మెదడులోని నాడీకణాల్లో, చాలావరకు పుట్టినప్పటి నుంచీ ఉండేవే, కొత్తవి వచ్చి వాటి చోటు భర్తీ చేయవు. అందుకే పాడైన మైటోకాండ్రియాను (కణంలో శక్తిని తయారుచేసే భాగాలను) న్యూరాన్ తనంతట తానే విడగొట్టి వదిలించుకోవాలి. వయసుతో ఈ పని నెమ్మదిస్తుంది, మైటోకాండ్రియా డీఎన్‌ఏలో లోపాలు పేరుకుంటాయి.

రక్తం తీరు వేరు. ఎర్రకణాల్లో మైటోకాండ్రియాయే ఉండవు. ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి నికరంగా దక్కే 2 ఏటీపీలతోనే (కణం ఖర్చుపెట్టే శక్తి అణువులు ఇవే) అవి సుమారు 120 రోజులు నెట్టుకొస్తాయి. ప్లేట్‌లెట్లకు మైటోకాండ్రియా ఉన్నా, వాటి ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. దశాబ్దాల అరుగుదల అక్కడ కనిపించాలనుకోవడం అత్యాశే.

అయినా పరీక్షలు ప్లేట్‌లెట్లు, తెల్లకణాల మీదే జరుగుతాయి. ముందు కణాలు మామూలుగా పీల్చే ఆక్సిజన్‌ను కొలుస్తారు. తర్వాత ఒలిగోమైసిన్ అనే రసాయనం కలిపి ఏటీపీ తయారీని ఆపుతారు. ఆ పైన ఎఫ్‌సీసీపీ అనే మరో రసాయనంతో కణాల శ్వాసక్రియను గరిష్ఠానికి తీసుకెళ్తారు. చివర్లో రోటెనోన్, యాంటీమైసిన్‌లతో మైటోకాండ్రియాలో ఆక్సిజన్ వాడే చర్యల గొలుసునంతా ఆపేస్తారు. గరిష్ఠం నుంచి మామూలు స్థాయిని తీసేస్తే వచ్చేదే రిజర్వు సామర్థ్యం, అంటే అవసరమైతే కణం అదనంగా పెంచుకోగల శ్వాసక్రియ. ఎఫ్‌సీసీపీ మోతాదు కాస్త మించితే శ్వాసక్రియ పెరగాల్సింది పోయి పడిపోతుంది, నిక్షేపంలాంటి కణాలు కూడా ముసలివిగా తేలతాయి. కాబట్టి ఆ మోతాదును ఒక్కో రకం కణానికి విడిగా సరిచూసుకోవాలి.

అంతకన్నా పెద్ద మోసం నమూనాలోనే ఉంటుంది. టీ కణాలు తెల్లకణాల్లో ఒక రకం. వయసుతో వాటిలో ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని ‘అమాయక’ కణాలు తగ్గి, ఒకసారి ఎదుర్కొని గుర్తుపెట్టుకున్న ‘జ్ఞాపక’ కణాల వాటా పెరుగుతుంది. ఈ రెండింటి శక్తి అవసరాలు ఒకటి కావు. ఏ కణంలోనూ లోపం లేకపోయినా, మిశ్రమం మారినందుకే సగటు మారిపోతుంది. వేరుచేసిన తెల్లకణాల్లో ప్లేట్‌లెట్లు మిగిలిపోతే లెక్క మరీ గందరగోళం. ఇక తీసిన రక్తం గది ఉష్ణోగ్రతలో అలాగే ఉండిపోతే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ కరిగిపోతుంది, దాన్ని కణాలు వాడగా మిగిలే లాక్టేట్ పెరుగుతుంది. ట్యూబులో ఈ వాడకాన్ని ఆపే ఫ్లోరైడ్ ఉందిగా అని ధీమాగా ఉండటానికీ లేదు. అది పూర్తిగా పట్టేలోపు మొదటి గంటా రెండు గంటల్లో నష్టం జరిగిపోతుంది. నమూనాను మంచులో పెట్టి, వెంటనే ప్లాస్మా వేరుచేయడమే మేలు.

మెదడు గ్లూకోజ్ వాడకాన్ని నేరుగా చూసే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్‌కూ ఓ మెలిక ఉంది. వయసుతో మెదడు కుంచించుకుపోతే, కణాల వాడకం మారకపోయినా స్కాన్‌లో గ్లూకోజ్ తక్కువగా కనిపిస్తుంది. పరిమాణపు తేడాను సవరించకుండా ఇచ్చిన అంకెను నమ్మలేం.

ఒక్కసారి రక్తం తీసి మెదడు వయసు చెప్పేస్తామంటే, ఆ లెక్క ఏ కణాలమీద, రక్తం తీసిన ఎంతసేపటికి వేశారో ముందు అడగాలి. అదే వ్యక్తికి, అదే పద్ధతిలో కొన్ని నెలల తేడాతో తీసిన రెండు కొలతలైతే పనికొస్తాయి, అదీ రక్తకణాల గురించి చెప్పేంత మేరకే.