ఎర్త్ కొడుతోందండీ, చెప్పులేసుకోండి

గోదావరి జిల్లాల్లో కొత్తగా బిగించిన కంప్యూటర్ కేబినెట్‌ని వట్టి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే వేలి చివర జివ్వుమంటుంది. బిగించిన కుర్రాణ్ణి పిలిస్తే, టెస్టర్ ఆనించి, ఎర్రగా వెలగడం చూసి తీర్పు చెబుతాడు: "ఎర్త్ కొడుతోందండీ. చెప్పులేసుకోండి, ఏం కాదు." ఆ ఇంట్లో లేనిదల్లా ఎర్త్, అంటే దారి తప్పిన కరెంటుని నేలలోకి దించే వైరు, ఒక్కటే. ఊళ్లో లేని మనిషి మీద దొంగతనం మోపినట్టు, నేరం తీసుకెళ్లి దాని మీదే పెట్టాం.

జరిగేది ఇది. కంప్యూటర్ పవర్ సప్లై అయిన ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు అడుగు పెట్టిన చోటే వై కెపాసిటర్లని రెండుంటాయి. ఒకటి ఫేజ్‌కీ రేకు డబ్బాకీ మధ్య, రెండోది న్యూట్రల్‌కీ డబ్బాకీ మధ్య. లోపల కరెంటు చకచకా ఆన్, ఆఫ్ అవుతుంటే పుట్టే స్విచింగ్ రొదని ఎర్త్ వైరులోకి దించేయడం వాటి ఉద్యోగం. దించడానికి ఎర్త్ లేకపోతే అన్నదమ్ముల్లా 230 వోల్టుల్ని చెరిసగం పంచుకుంటాయి. కేబినెట్ 115 దగ్గర గట్టు మీద కూర్చుంటుంది. 4700 పీకోఫారడ్ కెపాసిటరైతే ఒంట్లోంచి పారేది మిల్లీఆంపియర్‌లో మూడో వంతు. చంపదు, గిల్లుతుంది. మానిటరు, ప్రింటరు, స్పీకర్లు కూడా అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చితే అన్నిటి గిల్లుళ్లూ చందాలేసుకుని ఒకే డబ్బా మీదికి వస్తాయి. ఆ బాక్సు విప్పి చూడండి. పైన మూడేసి కన్నాలు, లోపల వచ్చేవి రెండే వైర్లు. మూడోది అలంకారం.

ఇక చెప్పుల సంగతి. గడప దాటి చెప్పులు తెస్తే శివాలెత్తే మామ్మగారు కంప్యూటర్ గదికి మాత్రం హవాయి చెప్పులు మంజూరు చేశారు. చుట్టాలొస్తే వీధిలో చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, లోపలికొచ్చి మళ్లీ చెప్పులేసుకుంటారు. కడిగిన కాళ్లతో వస్తున్నారు కాబట్టి జివ్వుమనడం కాస్త ఎక్కువే. చెప్పులు తెగిన రోజున అటక మీంచి పెళ్లి పీట దిగుతుంది. అబ్బాయి దాని మీద పాదాలు మోపి ఆన్‌లైన్ పరీక్ష రాస్తాడు, పీటల మీద పెళ్లికొడుకంత కదలకుండా. దసరాకి కేబినెట్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పంతులుగారు తడిచేత్తో అక్షతలు వేయబోయి కెవ్వుమని వెనక్కి గెంతితే, అమ్మవారు పలికిందని హారతి రెండోసారి ఇచ్చారు. ఎర్త్ పిన్ను వేయించాలన్న ఆలోచన ఒక్కరికీ పలకలేదు.

ఇదంతా ఏ రాతినేల మీదో జరిగితే అర్థముంది. రాయలసీమ బండల్లో ఎర్త్ దొరకాలంటే చెమటలు కక్కాలి. ఇక్కడ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ కాలవలు తడుపుతున్న ఒండ్రుమట్టి ఇది. పది అడుగులు తవ్వితే నీరు పడే చోట, పునాదులకి తిట్టుకునే ఆ తడే ఎర్తింగ్‌కి వరం. పక్కవాడి ఉద్యోగానికీ, ఎదురింటి పెళ్లి సంబంధానికీ ఎర్త్ పెట్టడంలో మనకున్న శ్రద్ధలో వీసమెత్తు స్విచ్‌బోర్డు మీద చూపితే చాలు.

బిగింపు శాస్త్రమూ ఇలాగే ఉంది. మదర్‌బోర్డు స్టాండాఫ్‌లనే చిన్న ఇత్తడి కాళ్ల మీద కూర్చుని, స్క్రూ మరల ద్వారా కేబినెట్‌తో ఎర్త్ కలవాలి. "షార్టవుద్దండీ" అని మనవాడు ప్రతి మర కిందా ఎర్ర ఫైబర్ వాషర్ వేస్తాడు. ఒంట్లోని స్టాటిక్ కరెంటుని దించే యాంటీస్టాటిక్ పట్టీ మణికట్టుకి కట్టి, క్లిప్పు రంగు వేసిన రేకుకి తగిలిస్తాడు. రంగు మీద క్లిప్పు తాటాకు మీద బొట్టే; ఎస్‌ఎంపీఎస్ మర తలకి పెట్టాలి. గోడ స్విచ్ ఆపి, త్రీపిన్ టాప్ మాత్రం సాకెట్లోనే ఉంచాలి. స్విచ్ తెంపేది ఫేజ్‌నే, ఎర్త్ కలిసే ఉంటుంది, అదంటూ ఉంటే. కేబుల్ టీవీ తగిలించిన టీవీకీ, ఎర్త్ లేక తేలుతున్న కేబినెట్‌కీ మధ్య, రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే చిన్న మెరుపొస్తుంది. పోర్టు పోతే "చైనా మాలండీ" అంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణుంచి కుదరదు. షాక్ కొడుతోందని మరీ గొడవ చేసే ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చి, సాకెట్ విప్పి, జానెడు వైరు ముక్కతో న్యూట్రల్‌నీ ఎర్త్ కన్నాన్నీ కలిపేసి, టెస్టర్ వెలగట్లేదని చూపించి డబ్బులు తీసుకుని వెళతాడు. ఒరే నాయనా, గాలివానకి కొబ్బరిమట్ట పడి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రాత్రి ఏమవుతుంది? ఫ్యాను గుండా, ఫ్రిజ్ గుండా వచ్చిన ఫేజ్ నువ్వు వేసిన ముక్క మీదుగా నిండు 230 వోల్టులతో ఆ కేబినెట్ మీదికెక్కుతుంది. ఇప్పుడది గిల్లదు, పట్టుకుంటుంది. వానలో తడిసొచ్చిన పిల్ల "కరెంటు పోయిందేమిటి" అని చెయ్యి వేసేది దాని మీదే. ఆ ముక్క వేసినవాడికి చేసింది తప్పని తెలుసు. తెలిసే వేశాడు. గుంట తవ్వడానికి ఒక పూట పడుతుంది, ముక్కకి రెండు నిమిషాలు.

ఆ ముడి ఉందో లేదో మల్టీమీటరు చెబుతుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా ఉండాలి. వంద చూపిస్తూ ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే ఫరవాలేదు. మోటారు నడుస్తున్నా నిఖార్సైన సున్నా వస్తే మెయిన్ ఆపి సాకెట్ విప్పండి. జానెడు ముక్క అక్కడ కనిపించవచ్చు.

తర్వాత దొడ్లో, బట్టలుతికే నీళ్లు పారే వైపు, రెండున్నర మీటర్ల 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు నిలువునా దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించండి. అంతర్వేది వైపు ఉప్పునేలలో ఉప్పు దండగ, పైగా జీఐ తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ రాగి మేలు. అక్కణ్ణుంచి 8 గేజీ వైరు మెయిన్ బోర్డుకి, ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్ పెద్ద కన్నానికీ.

అదంతా అయ్యాక కుర్రాణ్ణి మళ్లీ పిలవండి. కేబినెట్‌కి టెస్టర్ ఆనిస్తాడు. వెలగదు. బుర్ర గోక్కుని అంటాడు: "కరెంటు రావట్లేదండీ."