ప్రయాణానికి టికెట్టు ఎవరు కొన్నారు?

మా వాట్సాప్ గ్రూపులో సూర్యుడు ఉదయం సరిగ్గా ఆరు గంటలకు వస్తాడు. బయట మబ్బు పట్టినా, ముసురు పట్టినా ఇక్కడ ఆయనకు సెలవు లేదు. సూర్యుడి కింద కొండలు, కొండల కింద రెండు గులాబీలు, గులాబీల నడుమ ‘జీవితం ఒక ప్రయాణం’ అనే వాక్యం. పంపే పెద్దాయనను నేనెన్నడూ చూడలేదు. ఆయన నిద్రలేచే వేళ మాత్రం ఆయన ఇంట్లోవాళ్లకన్నా నాకే బాగా తెలుసు. మధ్యాహ్నానికి ఆయన నుంచే ‘జీవితం ఒక పోరాటం’ వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ‘జీవితం నీటి బుడగ’. పొద్దున బయలుదేరిన ప్రయాణికుడు మధ్యాహ్నానికి కత్తి పట్టి, పడుకోబోయే ముందు టప్పున చిట్లిపోతాడన్నమాట. తెల్లవారేసరికి మళ్లీ మూటాముల్లె సర్దుకుని సిద్ధం.

దీన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. బండి నడపాలంటే లైసెన్సు కావాలి. తుపాకీ పట్టాలన్నా కావాలి. జీవితాన్ని పట్టుకుని ఇది ఫలానా అని ప్రకటించడానికి మాత్రం బొటనవేలు ఒక్కటి ఉంటే చాలు.

పూర్వం ఇంత విచ్చలవిడితనం లేదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథం అంది. అని ఊరుకోలేదు. అందులో కూర్చున్నది ఆత్మ, తోలేది బుద్ధి, పగ్గాలు మనస్సు, గుర్రాలు ఇంద్రియాలు, అవి పరుగెత్తే దారులు వాటిని ఆకర్షించే విషయాలు అని ప్రతి భాగానికీ లెక్క అప్పజెప్పింది. ఇలాంటిదాన్ని ఆలంకారికులు సావయవ రూపకం అంటారు. నా భాషలో చెప్పాలంటే అది కాగితాలన్నీ సరిగా ఉన్న బండి. మరి మన ‘జీవితం ఒక ప్రయాణం’ను పక్కకు ఆపి తనిఖీ చేయండి. వాహనం ఏదో తెలియదు. తోలేవాడు లేడు. ఎక్కడ ఎక్కామో గుర్తులేదు. ఎక్కడ దిగాలని అడిగితే అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు.

సంసార సాగరం సంగతి ఇంకా అన్యాయం. రూపక సమాసానికి ఉదాహరణ రాయమంటే మేమంతా బడిలో రాసింది అదే. సంసారమనెడి సాగరం. మార్కులు పడ్డాయి. ఆ తర్వాత అందులో మేమూ పడ్డాం. ఈత ఏ తరగతిలోనూ చెప్పలేదు. ముసలితనాన్ని జీవితానికి సాయంకాలం అనవచ్చని అరిస్టాటిల్ చూపి రెండువేల మూడువందల ఏళ్లు దాటింది. ఇన్ని తరాలవాళ్లు పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు గానీ ఆ సాయంకాలానికి ఇంకా చీకటి పడలేదు. మొన్న కూడా మా గ్రూపులో ఒకరు ‘జీవిత సంధ్యలో’ అంటూ మొదలుపెట్టి నాలుగు తెరల పొడవున రాశారు.

ఇంతకీ జీవితాన్ని ఎవరు ఏమన్నా అది నొచ్చుకోదు, తిరిగి జవాబివ్వదు. నా ఆందోళన గ్రూపుకు తగిలించే ఉపమానాల గురించి. ‘ఇది గ్రూపు కాదు, కుటుంబం’ అని మా అడ్మిన్ గారు నెలకు రెండుసార్లయినా రాస్తారు. ఎవరినైనా తీసేసిన సాయంత్రం తప్పకుండా రాస్తారు.

కుటుంబం కనుక లెక్కలు చూశాను. మేము 312 మందిమి. మనిషి నిలకడగా నెరపగలిగే సంబంధాలు సుమారు 150 అని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1992లో కోతుల మెదళ్ల పరిమాణాన్ని ఆధారం చేసుకుని అంచనా కట్టారు. ఆ ప్రకారం మేము రెండు కుటుంబాలం, పైన పన్నెండుమంది చుట్టాలం. ఇలాంటి చోట్ల నూటికి తొంభైమంది ఊరికే చూస్తారని, తొమ్మండుగురు అప్పుడప్పుడు నోరు విప్పుతారని, అసలు వాగేది ఒక్కరేనని జేకబ్ నీల్సెన్ అనే నిపుణుడు 2006లో రాశారు. (వాగేది అన్న మాట నాది, ఆయన మర్యాదస్తులు.) మాకు అన్వయిస్తే 281 మంది మౌనం, 28 మంది అప్పుడప్పుడు, మిగిలిన ముగ్గురూ కుటుంబం. ఆ ముగ్గురిలో ఒకరు సూర్యుడు, ఒకరు అడ్మిన్ గారు. మూడో మనిషిని నేనేనని ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

కుటుంబమన్నాక అలకలుంటాయి. అలిగినవాళ్లు తలుపు దబ్బున వేసి వెళ్లాలి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాలి, వెనకనుంచి ఎవరో ఒకరు పిలవాలి. 2022 నుంచి వాట్సాప్‌లో గ్రూపు విడిచిపోయేవారి గురించి అందరికీ చాటింపు ఉండదు, అడ్మిన్లకు మాత్రమే కబురు అందుతుంది. మంచి సదుపాయమే. కాకపోతే అలిగే హక్కును ఇంత మర్యాదగా లాగేసుకున్న మరో ఏర్పాటు నాకు కనిపించలేదు.

గ్రూపులను తోట అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల చేతిలో కత్తెర ఉంటుంది. వేదిక అనేవాళ్లు మైకు వదలరు. ఓడ అన్నవారు టోపీ ముందే కుట్టించుకుని ఉంటారు. తాళాలగుత్తి బొడ్లో దోపుకున్నవారే కుటుంబం అంటారు. అందుకని నా డిమాండ్లు స్వల్పం. ప్రయాణం అన్నవారు గమ్యం పేరు, చేరే సమయం తెలపాలి. పోరాటం అన్నవారు శత్రువు చిరునామా జతచేయాలి. కుటుంబం అన్నవారు ఫోను పక్కన పెట్టి అందులో పదిమంది ఇంటిపేర్లు గడగడా చెప్పాలి.

ఈ సంస్కరణకు నేనే శ్రీకారం చుట్టాను. ఒకరోజు ఆరు గంటల నాలుగు నిమిషాలకు, సూర్యుడి కిందే, ఎంతో వినయంగా రాశాను: “ప్రయాణమైతే టికెట్టు ఎవరు కొన్నారండీ?”

పదకొండు నిమిషాలు ఎవరూ కదలలేదు. తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ బొమ్మకు నమస్కారం, ధన్యవాదాలు, ఇక దయచేయండి అని మూడు అర్థాలు. ఏది తీసుకోవాలో సందర్భాన్ని బట్టి గ్రహించాలి. మరొకరు “మీ ఉద్దేశం ఏమిటి?” అన్నారు. పెద్దాయన ఏమీ అనలేదు. ఆయన ఏదో టైపు చేస్తున్నట్టు కాసేపు కనిపించింది, ఆగిపోయింది, మళ్లీ కనిపించింది, ఆగిపోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు కొంచెం సిగ్గేసింది. ఏడు గంటలకల్లా నన్ను తీసేశారు. పాత సందేశాలన్నీ అలాగే ఉన్నాయి, చదువుకోవచ్చు. కింద రాసే చోట మాత్రం మీరిక సభ్యులు కారన్న వాక్యం వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం అక్కడ కుటుంబం గురించి ఏమి రాశారో నాకు తెలియదు గానీ, రాసే ఉంటారు.

మూడోరోజు రాత్రి తెలియని నంబరు నుంచి సందేశం వచ్చింది. ఖాళీ కుర్చీ ఫోటో పెట్టుకున్న మనిషి. నాలుగేళ్లుగా ఆ గ్రూపులోనే ఉన్నారట, ఒక్క మాటా రాయలేదట.

“టికెట్టు గురించి అడిగింది మీరే కదండీ? నాకు మొదటినుంచీ అదే సందేహం.”

281 మందిలో ఒకరు! చాలాసేపు మాట్లాడుకున్నాం. రథం గురించి చెప్పాను, సాగరం గురించి చెప్పాను, డిమాండ్లు చదివి వినిపించాను. అన్నిటికీ ఔనన్నారు. ఇంతకాలానికి నా మాట అర్థమయ్యే మనిషి దొరికారన్న తృప్తితో పడుకున్నాను.

ఉదయం ఆరు గంటలకు ఫోను మోగింది. ఆ నంబరే. సూర్యుడు, కొండలు. గులాబీలు మాత్రం మూడు.