రెండోసారి రాస్తే సీటు రాదని ఎవరన్నారు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మెసేజ్. శ్రీకాకుళంలో నాతో పాటు ఫిజిక్స్ చెప్పేవాళ్లు పంపారు, పాత విద్యార్థులు పంపారు, ఆఖరికి చదువుకున్న బంధువులు కూడా పంపారు. ‘పరీక్ష మళ్ళీ రాసేవారికి హెచ్చరిక’ అని పైన ఎర్ర అక్షరాలు, కింద అయిదు పాయింట్లు. మెడికల్ సీట్ల పరీక్ష నీట్‌ను మళ్ళీ రాసినవాళ్లను గవర్నమెంటు కాలేజీలు చివర్లో చూస్తాయట. ఇంజనీరింగ్ సీట్ల జేఈఈ మెయిన్‌లో జనవరి, ఏప్రిల్ సెషన్ల సగటు తీస్తారట. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఏడాది చదివి మళ్ళీ రాసేవాళ్లకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ ఉండదట. గ్యాప్ ఉంటే ఉద్యోగం రాదట. ఐఐటీ సీట్ల పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండుసార్లే రాయనిస్తారట. అందుకని ఈ ఏడాదే అడ్వాన్సు కట్టి మేనేజ్‌మెంట్ సీటు పట్టుకోవాలట.

వెయిటేజీ మాట ముందు తేల్చేద్దాం. మన బోర్డులో చదివినవాళ్లకు ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం, ఈఏపీసెట్‌కు 75 శాతం. ఇంటర్ నిరుడు పాసైనా అదే లెక్క. ఇక గ్యాప్, ఉద్యోగం సంగతంటారా, నాలుగేళ్లు ఏం నేర్చుకున్నావని అడుగుతారు గానీ పదిహేడో ఏట ఇంట్లో ఎందుకున్నావని ఎవరూ అడగరు.

నాకు ఒళ్లు మండేది సగటు మాటకే. ఈ ఏడాది మా క్లాసులో ఒక కుర్రాడికి జనవరి సెషన్ దెబ్బతింది. జ్వరంతో రాశాడు. ఏప్రిల్‌కి ఫీజు కట్టలేదేంరా అంటే ఫోన్ తీసి ఈ మెసేజే చూపించాడు. ‘ఎలాగూ సగటే కదా సార్, మహా పెరిగితే ఎంత పెరుగుతుంది’ అన్నాడు. అప్పటికి గడువు దాటిపోయింది. ఏప్రిల్ తర్వాత ఇచ్చే స్కోర్ కార్డు ఒక్కసారి చూడండి. మొదటి సెషన్ స్కోరు, రెండో సెషన్ స్కోరు, ఆ రెండిట్లో ఏది ఎక్కువో అది. ర్యాంకు ఆ ఎక్కువ స్కోరుకే. సగటన్న గడే అందులో లేదు. రెండోసారి తగ్గినా మొదటిది ఎక్కడికీ పోదు. షిఫ్టుకో పేపరు కాబట్టి మార్కులు కాకుండా పర్సంటైల్, అంటే మన వెనక ఎంత శాతం మంది ఉన్నారన్నది చూస్తారు, అంతవరకే. అయితే జనవరి ఫిజిక్సు, ఏప్రిల్ మేథ్సు కలిపి కొత్త స్కోరు తయారు చెయ్యరు. ఏదో ఒక సెషన్ మొత్తం స్కోరే తీసుకుంటారు. పిల్లలకు పైసా నష్టం లేని రెండో అవకాశాన్ని పోగొట్టే ఈ అబద్ధాన్ని రాసినవాళ్లు ఒక్క స్కోర్ కార్డయినా చూశారా? చూడకుండానే అంత పెద్ద ఎర్రక్షరాలు ఎలా వచ్చాయి?

నీట్ సంగతికొస్తే, పలాస నుంచి ఒకాయన వచ్చాడు. జీడిపప్పు బట్టీలో పని. ‘మా గుంట మళ్ళీ రాత్తే కింద కూకోబెడతారంట గదా మేస్టారూ, నిజమేనా?’ అని అడిగాడు. ఆ అమ్మాయికి మన శ్రీకాకుళం గవర్నమెంటు మెడికల్ కాలేజీ రిమ్స్‌లోనో, 2023లో మొదలైన విజయనగరం గవర్నమెంటు మెడికల్ కాలేజీలోనో చదవాలని ఆశ. నీట్ ర్యాంకులో ఎన్నోసారి రాశారన్నదానికి చోటే లేదు. 720కి ఎన్ని వచ్చాయన్నదే చూస్తారు. ఇద్దరికి సమానంగా వస్తే ముందు బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్. ఎన్నిసార్లయినా రాయొచ్చు. గరిష్ఠ వయసు పరిమితిని కూడా 2022లో ఎత్తేశారు.

మెసేజ్‌లో నిజం లేదా అంటే, ఉంది. అడ్వాన్స్‌డ్ మాట అక్షరాలా నిజం. వరసగా రెండేళ్లలో రెండుసార్లే. పైగా ఐఐటీ సీటు ఒప్పుకున్నవాళ్లు మళ్ళీ రాయడానికి వీల్లేదు. ఇంత ముఖ్యమైన సంగతిని మా లెక్చరర్లమే తల్లిదండ్రులకు ముందుగా చెప్పడం లేదు. ఇంకోటి, ఆ మెసేజ్ చెప్పని భయం నిజంగానే ఉంది. నీట్ స్కోరు ఆ ఒక్క ఏడాదికే పనికొస్తుంది. ఈసారి వచ్చిన సీటు వదిలి మళ్ళీ రాసి ర్యాంకు తగ్గితే పాత ర్యాంకు ఆదుకోదు. వచ్చిన బీడీఎస్ (పళ్ల డాక్టరు కోర్సు) సీటు వదలాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకోవాల్సింది దీని గురించి.

అడ్వాన్సు కట్టడం మాత్రం వద్దు. మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లకు కూడా నీట్‌లో అర్హత రావాల్సిందే. ఆ సీట్లనూ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారమే ఇస్తారు. ‘సీటు పక్కన పెట్టించాం, ఇప్పుడే డబ్బు కట్టండి’ అని ఎవరైనా అంటే, పక్కన పెట్టే అధికారం వాళ్లకు ఎవరిచ్చారో అడగండి. పలాస ఆయన అప్పటికే వడ్డీకి డబ్బు మాట్లాడుకుని వచ్చాడు. ఆ డబ్బు ఇంకా చేతికి తీసుకోలేదు.