మెట్ల దారిలో అట్టపెట్టెలేంటి?

ఏటా మార్చి 4న మా ఆఫీసులో జాతీయ భద్రతా దినోత్సవం చేస్తారు. బ్యాడ్జీలు, చెయ్యి చాపి ప్రతిజ్ఞ, ఫొటోలు. చెయ్యండి, కాదనను. కానీ అదే అంతస్తులో అత్యవసర ద్వారం ముందు అట్టపెట్టెలు నెలల తరబడి పడి ఉంటే ఎవరికీ పట్టదా? పైగా ఆ తలుపుకి తాళం! అడిగితే "దొంగతనాలు జరుగుతున్నాయండీ" అంటారు. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర, ఆయన ఉండేది కింద గేటు దగ్గర. పొగ కమ్ముకున్నాక ఆయన ఐదంతస్తులు ఎక్కొచ్చి తలుపు తీస్తాడా?

మంటలార్పే సిలిండర్ దగ్గరికెళ్లి చూడండి. లోపలి ఒత్తిడి చూపే మీటర్ ముల్లు పచ్చలో లేదు, ఎర్రలో ఉంది. చీటీ మీద తేదీ ఎప్పుడో దాటిపోయింది. చెబితే "వెండర్‌కి మెయిల్ పెట్టాం". ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి కెటిల్, ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. తడి నేల మీద ఎవరైనా జారిపడితే "చూసుకుని నడవాలి కదమ్మా" అని పడ్డవాళ్లకే చీవాట్లు. అక్కడో హెచ్చరిక బోర్డు పెట్టడానికి ఏం రోగం?

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగితే ఆరుగురు పొగకి ఊపిరాడక చనిపోయారు. ఇరవైల్లో ఉన్న పిల్లలు, పొట్టకూటికి ఉద్యోగంలో చేరినవాళ్లు! అప్పుడే మర్చిపోయామా?

ఇప్పుడు కొత్త రూలొకటి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకపోతే మెమో ఇస్తారట. పట్టుకుంటాం. మరి దారికి అడ్డంగా పెట్టెలు పేర్చినవాళ్లకి మెమో ఎవరిస్తారు?