రెండు భయాల మధ్య కొవ్వాడ

ఈసారి కార్తీక వనభోజనాలకు మన సంఘం బస్సు మహాబలిపురం దాటి సద్రాస్ దాకా వెళ్లింది. తోపులో ఉసిరి చెట్టు లేదు. ఒక కొమ్మ తెచ్చి కుండీలో నిలబెట్టి, దాని పక్కనే పులిహోర వడ్డించాం. తిన్నాక సముద్రం ఒడ్డుకు నడిస్తే దూరంగా కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం కట్టడాలు కనిపించాయి. "అవేంటి?" అన్నారు పిల్లలు. అక్కడ మొదలైన వాదన బస్సు తిరువాన్మియూర్ చేరేదాకా తెగలేదు.

మాలో సగం మంది చెన్నైలోని వేళచ్చేరి, పళ్లికరణై వాళ్లం. 2015 వరద చూశాం, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానూ చూశాం. మిచాంగ్‌కి మా అపార్ట్‌మెంటు మోటారు మునిగిపోయింది. మూడు రోజులు కరెంటు లేదు. కింద నిలిచిన వాన నీళ్లనే బకెట్లతో ముంచి, చీకట్లో మెట్లెక్కి బాత్రూముకు మోసుకున్నాం. అందుకే మా పక్కింటి కుర్రాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి, బస్సులో గట్టిగానే అన్నాడు: "ఇంత అనుభవించాక కూడా బొగ్గు కాలుస్తూ కూర్చుందామా ఆంటీ? అణువిద్యుత్తు తప్ప దారేముంది?"

అతని లెక్క తప్పు కాదు. యూనిట్ కరెంటుకు బొగ్గు వదిలే కార్బన్ డయాక్సైడ్ 800 గ్రాములు దాటుతుంది. గని తవ్వకం నుంచి అన్నీ కలుపుకున్నా అణువిద్యుత్తుకు పన్నెండు గ్రాములని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2014లో లెక్కగట్టింది. మన దేశం కరెంటులో అణువు వాటా మూడు శాతమే. 2047కి 100 గిగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్టులో చెప్పారు.

అయితే వాతావరణ మార్పు భయం పెరిగితే అణుభయం దానంతటదే తగ్గుతుందా? నాకు నమ్మకం లేదు. జర్మనీలో వాతావరణం గురించి ఎక్కువ బెంగపడే హరిత పార్టీయే అణువును మొదట్నుంచీ ఎదిరించింది. 2023 ఏప్రిల్‌లో చివరి మూడు రియాక్టర్లూ మూతపడ్డాయి. బ్రిటన్‌లో జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించిన పరిశోధకులకు వినిపించింది మాత్రం ఇంకోటి: వాతావరణం మాటెత్తితే కొందరు ఒప్పుకుంటారు, కానీ వేరే గతి లేక. మనింట్లో సంబంధానికి "సరే, కానివ్వండి" అంటామే, ఆ గొంతుతో. అలాంటి ఒప్పుకోలు మొదటి చెడ్డ వార్తకే చెదిరిపోతుంది.

పైగా మన తీరంలో రెండు భయాలూ ఒకే సముద్రం నుంచి వస్తాయి. 2004 సునామీ రోజు కల్పాక్కంలో పనిచేస్తున్న రియాక్టరు పంప్‌హౌస్‌లోకి నీళ్లొచ్చాయి. దాన్ని సురక్షితంగానే ఆపారు. పక్కనున్న టౌన్‌షిప్‌లో మాత్రం ప్రాణాలు పోయాయి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణుకేంద్రంలో సునామీ అలలు డీజిల్ జనరేటర్లను ముంచాయి, చల్లబరిచే దారి లేక ఇంధనం కరిగింది. తమిళనాడులో కూడంకుళం అణుకేంద్రం మీద ఉద్యమం అంతగా రగిలింది ఆ తర్వాతే. సముద్ర మట్టం పెరుగుతుందని చెప్పి మనిషిని భయపెట్టి, ఆ సముద్రం ఒడ్డునే రియాక్టరు కడతాం ఒప్పుకో అంటే, అతను ఆలోచించడా?

మా పెద్దమ్మ కొడుకు శ్రీకాకుళం జిల్లా రణస్థలం నుంచి వచ్చి ఆ రోజు మాతోనే ఉన్నాడు. ఆరు పెద్ద రియాక్టర్లు కడతామంటున్న కొవ్వాడ ఆ మండలంలోదే. దశాబ్దం దాటినా నిర్మాణం మొదలు కాలేదు, అక్కడి బతుకులు మాత్రం అటూ ఇటూ కాకుండా ఆగిపోయాయి. అన్నయ్య అన్నాడు, "చెల్లీ, మీ కరెంటు మూడు రోజులకి తిరిగొచ్చింది. మా ఊరు పోతే మళ్లీ వస్తాదేటి?"

నేను అణువిద్యుత్తుకు వ్యతిరేకిని కాను. చెన్నై ఎన్నూరు వాగులో థర్మల్ కేంద్రాల బూడిద చూసినవాళ్లెవరూ బొగ్గును వెనకేసుకురాలేరు. ఫిన్‌లాండ్‌లో రియాక్టరు వచ్చే ఊరికి 'వద్దు' అనే హక్కు చట్టంలోనే ఉంది. ఆ మాట అంటే కథ అక్కడితో సరి. అక్కడ హరిత పార్టీ కూడా 2022లో అణువుకు సరేనంది. ఈ రెండింటికీ సంబంధం ఉందనే నా అభిప్రాయం. మన దగ్గర 2010 అణుప్రమాద పరిహార చట్టం, లోపమున్న యంత్రం అమ్మిన కంపెనీని నష్టం అడిగే హక్కయినా కేంద్రం నడిపే సంస్థకు ఇచ్చింది. 2025 డిసెంబరులో వచ్చిన 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచి, ఆ హక్కును మాత్రం ఒప్పందంలో రాసుకుంటే సరి అన్నంతకు తగ్గించింది. నమ్మకం పుట్టాల్సిన చోట పట్టు వదిలేశాం. ఇక వాతావరణం పేరు ఎన్నిసార్లు చెప్పినా కొవ్వాడ జాలరికి అది మన అవసరంగానే వినిపిస్తుంది, తన అవసరంగా కాదు.

బస్సు దిగబోతుంటే అన్నయ్య ఆ కుర్రాణ్ణి అడిగాడు, "బాబూ, మీ వేళచ్చేరిలో కడతామంటే?"

"ఇక్కడ కుదరదన్నా, నేలంతా చెరువే," అన్నాడు వాడు. బస్సంతా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు, సంచీ తీసుకుని దిగిపోయాడు.