వేలికంటిన ఆరోగ్యం

"పీచు ఎక్కువగా ఉన్నవి తినండి" అని డాక్టరు గారు అన్న మర్నాడే నేను పూల మీద పడ్డాను. గుమ్మడి పువ్వు పసుపులో కెరోటినాయిడ్లు, మందారం ఎరుపులో ఆంథోసయనిన్లు... ఫోన్లో చదివినదంతా రాత్రి పదింటిదాకా మా ఆవిడకు అప్పజెప్పాను. ఆవిడ దుప్పటి లాక్కుంటూ, "ఉగాది పచ్చడిలో వేప పువ్వు ఏరి పక్కన పెట్టే మనిషి చెప్పాల్సిన మాటలేనా ఇవి?" అంది.

ఆదివారం ఎంవీపీ కాలనీ రైతు బజారులో అరటి పువ్వు దొరికింది. పీచు, పొటాషియం, పాలీఫినాల్స్, అన్నీ ఒక్కదాంట్లోనే. అమ్మే ఆవిడ నన్నూ పువ్వునీ మార్చి మార్చి చూసి, "ఒలుసుకోడం తెలుసేటి బాబూ?" అంది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, పువ్వు ఒలవలేనా!

ఒక్కో దొప్ప విప్పితే లోపల వరసగా చిన్న పూలు. ఒక్కోదాంట్లోంచీ గట్టి కాడొకటి, ప్లాస్టిక్ కాగితం లాంటి పొరొకటి పీకాలి. నాలుగో దొప్పకే నా ఉపన్యాసం ఆగిపోయింది. గంటన్నరకి గిన్నెడు పువ్వు, బకెట్టుడు చెత్త తేలాయి. ఆవ పెట్టిన కూర మాత్రం చెరో నాలుగు ముద్దల్లో అయిపోయింది. (బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి.)

నూనె రాసుకోకుండా ఒలిచానేమో, వేళ్లు మెకానిక్ షెడ్డులో పనిచేసొచ్చినట్టు నల్లబడ్డాయి. జిగురులోని ఆ పాలీఫినాల్సే గాలి తగిలితే, ఎంజైమ్ పుణ్యమా అని నల్లగా మారతాయట. ఒలిచిన పువ్వుని మజ్జిగలో వేసేది అందుకే. పువ్వుని ముంచాను గానీ, చేతులు ముంచుకోవాలని తట్టలేదు. నిమ్మచెక్కతో రుద్దాను, అంట్లు తోమే పీచుతో తోమాను. డాక్టరు గారు చెప్పింది ఈ పీచు కాదేమో! సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లి ఇసకతో కూడా రుద్దుకున్నాను. నలుపు పోలేదు, చర్మం పోయింది.

సోమవారం ఆఫీసులో బయోమెట్రిక్ మిషన్ నా బొటనవేలిని ఎనిమిదిసార్లు కాదు పొమ్మంది. వెనక క్యూ పెరుగుతోంది. అటెండరు నా చేతులు చూసి, "ఏటి సార్, పది వేళ్లకీ సిరా! ఎన్ని ఓట్లేసేసారేటి?" అన్నాడు.

లేటు రిజిస్టర్లో కారణం దగ్గర 'అరటి పువ్వు' అని రాశాను. అరగంటలో మేనేజరు గారి నుంచి పిలుపు. టెన్షన్ పడుతూ వెళ్లాను.

"తలుపేసి రావయ్యా" అన్నారు. టేబుల్ కింద నుంచి సంచీ తీశారు. అందులో రెండు అరటి పువ్వులు.

"మా ఆవిడ ఒలవమంది. నీ చేతులు ఎలాగూ పాడయ్యాయి కదా!"