ఆరు మైళ్ళ దూరం

కాన్సాస్ గడ్డి మైదానాల్లో, సాలమన్ నదికి ఉత్తరాన నికోడెమస్ అనే చిన్న ఊరుంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారు కెంటకీ నుంచి వచ్చి 1877లో కట్టుకున్న ఊరు. 1888లో యూనియన్ పసిఫిక్ రైలు మార్గం ఊరికి రాకుండా నది అవతల నుంచే సాగిపోయింది. ఆరు మైళ్ళ దూరంలో బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ దుకాణాలు ఒక్కొక్కటే అటు తరలిపోయాయి. ఇప్పుడు అక్కడ మిగిలింది గుప్పెడు మందే, అయినా ఏటా జూలై చివర వాళ్ళ వారసులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పండగ చేసుకుంటారు.

1888లో తమ్ముడు తన దుకాణాన్ని బోగ్‌కు తరలిస్తుంటే మాట్లాడుకునే ఈ అక్కాతమ్ముళ్ళు నేను ఊహించిన మనుషులు. వాళ్ళ ముందున్న చిక్కు మాత్రం నిజం. నా మనసు అక్క వైపే మొగ్గుతుంది, కానీ తమ్ముడి లెక్కను తప్పుపట్టలేను.

అక్క: మేకుల పీపా కూడా బండికెక్కించావా? ఇంకా ఆలోచిస్తున్నానని నిన్ననే కదా అన్నావు!

తమ్ముడు: రాత్రంతా ఆలోచించాను అక్కా. గోధుమ బస్తాలన్నీ ఇక బోగ్ స్టేషన్‌కే పోతాయి. అమ్మిన డబ్బు చేతిలో పడగానే రైతు ఆ పక్కనే ఉప్పు, కిరసనాయిలు, నాగటి కర్రు కొనుక్కుంటాడు. నిండిన బండితో నా గుమ్మం ముందు నుంచే ఇంటికి పోతాడు. నేను చూస్తూ కూర్చోవాలా?

అక్క: ఆరు మైళ్ళే కదా! ఎల్లిస్‌లో రైలు దిగి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళం.

తమ్ముడు: అప్పుడు వేరే దారి లేదు. రైలు కోసం మనం చేయనిదేముంది? మిస్సోరీ పసిఫిక్ వాళ్ళకు 16,000 డాలర్ల బాండ్లు ఇస్తామని పోయినేడు ఓటేశాం. వాళ్ళు రాలేదు. యూనియన్ పసిఫిక్ వస్తుందనుకుంటే అది నది దాటలేదు.

(గోతుల్లో కాపురం మొదలుపెట్టి పదేళ్ళయినా నిండకముందే అంత మొత్తానికి సిద్ధపడ్డారంటే, ఊరి మీద వాళ్ళకు ఎంత ఆశో!)

అక్క: రైలు లేనప్పుడు ఇది ఊరు కాదా? 1878 వసంతంలో నేను వచ్చిన రోజు గుర్తుందా? ఊరెక్కడ అని అడిగితే నేల వైపు చూపించావు. నేలలోంచి పొగ వస్తోంది. గుట్ట వాలులో గొయ్యి తవ్వి, పైన కొమ్మలు పరిచి, వేళ్ళతో సహా కోసిన గడ్డి పెళ్ళలు కప్పి, అందులో మనుషులు! తట్టు సోకిన నా బిడ్డను ఎల్లిస్‌లో మట్టిలో పెట్టి వచ్చాను. ఇక్కడ ఆ మట్టిలోనే కాపురం పెట్టమన్నావు. ఆ రాత్రి కప్పు నుంచి రాలిన మన్ను కలుపుతున్న పిండిలో పడుతుంటే ఏడ్చాను. నువ్వేమన్నావు?

తమ్ముడు: ఈ మట్టి మనది అన్నాను.

అక్క: అన్నావు కదా!

తమ్ముడు: నా మాటతోనే నన్ను కట్టేయకు. నీకంటే ముందు వచ్చినవాణ్ణి. చేరిన మర్నాడే కొందరు వెనుదిరిగారు. వాళ్ళను నేనెన్నడూ పిరికివాళ్ళని అనలేదు. ఆ చలికాలం వేట నుంచి తిరిగివెళ్తున్న ఒసేజ్ తెగ ఆదివాసులు మాంసం పంచకపోతే నేనూ మిగిలేవాణ్ణి కాను. ఆకలి అంటే ఏమిటో చూశాను అక్కా. అమ్మకం లేని దుకాణం పట్టుకుని నా పిల్లలకు అది చూపించలేను.

అక్క: నీ దుకాణాన్ని బండికెక్కించగలవు. నా 160 ఎకరాలను ఎక్కించలేను. ఎద్దు లేక పారతో తిరగేసిన నేల అది. కెంటకీలో మన అమ్మనే ఆస్తి కింద రాసుకున్నారు. ఇప్పుడు ఆస్తి కాగితం మీద నా పేరుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రేకు పెట్టెలోంచి తీస్తే నా కూతురు చదివి వినిపిస్తుంది. ఆ చదువు మన బడిలో నేర్చుకుంది. మన మెక్‌కేబ్ 1882లో రాష్ట్రానికే ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. బోగ్‌లో నీ మాట వినేదెవరు?

తమ్ముడు: వినకపోవచ్చు. కానీ అక్కడా నా కొట్టులో నేనే నిలబడతాను, ఎవరి దగ్గరా కూలికి కాదు. రేపు నీ గోధుమలు కూడా ఆ స్టేషన్‌కే తేవాలి. ఇంత కోప్పడి నా దుకాణం ముందే బండి ఆపుతావు.

అక్క: ఆపుతాను. పొద్దుగూకేలోపు ఇంటికి తిరిగొస్తాను.

తమ్ముడు: దీపపు చిమ్నీల పెట్టె ఒకటి దించేశాను. చర్చికి ఇవ్వు.

అక్క: ఆగస్టు 1న విమోచన పండగకు వస్తావా?

తమ్ముడు: ఆరు మైళ్ళే కదా అక్కా.